‘నువ్వు వేరు’ అన్న మాటకి ఏం జవాబు చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు. ఆరేళ్లుగా జర్మనీలో, డ్రెస్డెన్‌లో ఉంటున్నాం. మా ఆయన చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పాపకి ఐదేళ్లు. మా కింది వాటాలో డెబ్బై దాటిన ఒక ఆవిడ ఉంటుంది. నర్సుగా పనిచేసి రిటైరయింది. నా కాన్పుకి మా అమ్మ రాలేకపోయింది. అప్పుడు రోజూ పైకి వచ్చి నాకు సూప్ కాచి ఇచ్చి, పాపకి స్నానం పోసింది ఆవిడే. పాప ఆవిడని ‘ఓమా’ అంటుంది. ఇక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ అలాగే పిలుస్తారు.

2015లో సిరియా వాళ్లు వచ్చినప్పుడు ఆవిడ చర్చి హాల్లో ఆ పిల్లలకి జర్మన్ నేర్పిందట. ఆ ఫొటోలు ఇప్పటికీ వాళ్ల ఫ్రిజ్ మీద ఉన్నాయి. అలాంటి మనిషి 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో, వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి ఓటు వేశానని నాతో మామూలుగా చెప్పింది. నా మొహం చూసి, ‘నువ్వు వేరు. మీరు పనిచేస్తారు, పన్ను కడతారు. నేను అనేది మిమ్మల్ని కాదు’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయనతో చెబితే ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది అన్నారు. ఆ వచ్చినవాళ్లు చేసే పనులకి మన పరువు కూడా పోతోందట. ఇప్పుడు పాపని కిందికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడో జరిగిన యుద్ధం ఒక మంచి మనిషిని ఇంతలా ఎలా మార్చింది? ఆవిడతో మాట్లాడటం మానెయ్యాలా? అసలు మేం ఇక్కడ ఉండొచ్చా, వెనక్కి వచ్చెయ్యాలా?

– ఒక పాఠకురాలు, డ్రెస్డెన్

జవాబు:

అమ్మా, ముందు పాప సంగతి చెబుతాను. మిగతావన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు, ఇది మాత్రం రేపు పొద్దునకే తేలాలి. పాపని కిందికి పంపండి. పుట్టినప్పటి నుంచీ ఎత్తుకు తిప్పిన మనిషి, ఓటు వేసొచ్చిన మర్నాడు పాపకి పరాయిదైపోలేదు. మీరు ఉన్నట్టుండి పంపడం మానేస్తే పాప ఎందుకని అడుగుతుంది. మీరేం చెప్పినా ఐదేళ్ల పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే, ఓమాకి మనమంటే ఇష్టం లేదని. అది నిజం కాదు కదా. ఎప్పుడైనా పాప వింటుండగా ఆవిడ బయటివాళ్ల గురించి చులకనగా మాట్లాడితే మాత్రం ఊరుకోవద్దు. అప్పుడే అక్కడే, ‘పాప ముందు ఈ మాటలు వద్దు’ అని చెప్పండి. అలాంటిదేమీ జరగనంతవరకు పాప వెళ్లడం ఆపొద్దు.

ఇక మీరడిగిన పెద్ద ప్రశ్న. నేను ఆవిడని చూడలేదు, ఆవిడ మనసులో ఏముందో నేను చెప్పడం తప్పు. కానీ ఆవిడ చుట్టూ ఏం జరుగుతూ వచ్చిందో చెప్పగలను. మీరు ఆ ఊళ్లో దిగేసరికే కథ సగం నడిచిపోయింది. ఆ మొదటి సగం తెలియకపోతే ఆవిడ ఓటు మీకు పిడుగులాగే ఉంటుంది.

సిరియాలో 2011 మార్చిలో నిరసనలు మొదలయ్యాయి. కాల్పులు జరిగాయి, చూస్తుండగానే అంతర్యుద్ధం అయింది. రెండు కోట్లకి పైగా జనాభా ఉన్న దేశంలో సగానికి సగం మంది ఇళ్లు వదిలేశారు. మొదటి మూడు నాలుగేళ్లు ఆ బరువు మోసింది పక్కనున్న టర్కీ, లెబనాన్, జోర్డాన్. జర్మనీ వాళ్లకి అది రాత్రి ఎనిమిది గంటల వార్తల్లో ఒక ముక్క.

ఆ యుద్ధం మీ ఊళ్లోకి అడుగు పెట్టింది 2014 అక్టోబర్‌లో. అప్పటికి శరణార్థులు పెద్దగా రాలేదు కూడా. సిరియాలోని కొబానీ పట్టణాన్ని ఐసిస్ చుట్టుముట్టింది, కుర్దులు దాన్ని కాపాడుకుంటున్నారు. వాళ్లకి మద్దతుగా డ్రెస్డెన్‌లో ఒక ప్రదర్శన జరిగింది. అది చూసి, వేరే దేశాల గొడవలు మా వీధిలోకి తెస్తారా అని మండిపడ్డ ఒక స్థానికుడు ఫేస్‌బుక్‌లో గ్రూపు పెట్టాడు. అదే పెగిడా అనే, వలసల్నీ ఇస్లాంనీ వ్యతిరేకించే ఉద్యమం అయింది. అక్టోబర్ 20న కొన్ని వందల మందితో మొదటి ఊరేగింపు తీశారు. అప్పటినుంచి ప్రతి సోమవారం. 2015 జనవరికల్లా ఆ ఊరేగింపులో దాదాపు 25 వేల మంది ఉన్నారు. సోమవారమే ఎందుకో మీ కింది ఆవిడని అడిగితే చెబుతుంది. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దింపడానికి తూర్పు జర్మనీ జనం నడిచింది సోమవారాల్లోనే. ‘మేమే ప్రజలం’ అనేది అప్పటి నినాదం. పెగిడా వాళ్లు ఆ రోజునీ ఆ నినాదాన్నీ రెంటినీ తీసుకున్నారు.

అప్పటికి మీ సాక్సనీ రాష్ట్రంలో విదేశీయులు వందకి ముగ్గురు, అటూ ఇటుగా. అంటే అక్కడికి మనుషులు రాకముందే భయం వచ్చేసింది. అది నిజంగా జరిగిన యుద్ధం నుంచే పుట్టింది, కానీ వాళ్ల వీధిలో ఎవరూ వాళ్లకి ఏమీ చెయ్యకముందే పుట్టింది. మీ ఆయన ‘ఆ వచ్చినవాళ్లు చేసే పనుల వల్లే’ అన్నప్పుడు ఈ తేదీలు గుర్తుంచుకోండి.

2015 వేసవి చివర్లో అన్నీ ఒకేసారి జరిగాయి. ఆగస్టు 31న ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ ‘మనం ఇది చెయ్యగలం’ అన్నారు. సెప్టెంబర్ 2న టర్కీ ఒడ్డున అలాన్ కుర్దీ అనే చిన్న పిల్లాడి శవం దొరికింది. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. బుడాపెస్ట్‌లోని కెలెటి స్టేషన్ దగ్గర చిక్కుకుపోయిన వేలమంది, రైళ్లు ఎక్కనివ్వకపోతే ఆస్ట్రియా వైపు హైవే మీద నడక మొదలుపెట్టారు. సెప్టెంబర్ 4 రాత్రి జర్మనీ, ఆస్ట్రియా వాళ్లని రానిస్తామన్నాయి. ఆ శని, ఆదివారాల్లో మ్యూనిక్ స్టేషన్‌లో జనం చప్పట్లు కొట్టి, పిల్లల చేతుల్లో బొమ్మలు పెట్టి ఆహ్వానించారు. ఆ ఒక్క ఏడాదిలో జర్మనీకి వచ్చినవాళ్లు 9 లక్షలకి కాస్త తక్కువ.

అదే ఆగస్టులో, మీ ఊరి పక్కనే ఉన్న హైడెనావులో, శరణార్థులకి ఇచ్చిన భవనం ముందు రాళ్లు, సీసాలు విసిరారు. మెర్కెల్ అక్కడికి వెళితే జనం అరిచి గోల చేశారు. కొద్ది వారాల తేడాలో, ఒకే దేశంలో ఈ రెండూ జరిగాయి. మీ కింది ఆవిడ చర్చి హాల్లో ఆ పిల్లలకి అక్షరాలు దిద్దించింది హైడెనావు పక్కన. మ్యూనిక్‌లో చప్పట్లు కొట్టడం కన్నా అది చాలా కష్టం. చుట్టుపక్కలవాళ్లు, బంధువులు ఏమన్నారో, ఎన్ని సోమవారాలు ఆ ఊరేగింపు దాటుకుని వెళ్లిందో మనకి తెలియదు. ఆ ధైర్యాన్ని మీరు మర్చిపోకూడదు. ఆవిడ కూడా మర్చిపోకుండా చూడాలి, దాని గురించి తర్వాత చెబుతాను.

తర్వాత జరిగినవి దాచిపెట్టి మాట్లాడితే ఆవిడ మిమ్మల్ని నమ్మదు, నేను కూడా దాచను. 2015 డిసెంబర్ 31 రాత్రి కొలోన్ స్టేషన్ ముందు వందలమంది ఆడవాళ్ల మీద వేధింపులు జరిగాయి. నిందితుల్లో ఎక్కువమంది ఉత్తరాఫ్రికా, అరబ్ దేశాల నుంచి వచ్చినవాళ్లు. పోలీసులు ఆ విషయం మొదట సరిగ్గా చెప్పలేదు. అది ఇంకా చేటు చేసింది. 2016 డిసెంబర్‌లో బెర్లిన్ క్రిస్మస్ మార్కెట్‌లోకి ఒకడు లారీ తోలాడు. ఆశ్రయం నిరాకరించాక కూడా దేశంలోనే ఉన్న ట్యునీషియా మనిషి వాడు. 2024 మేలో మాన్‌హైమ్‌లో ఒక పోలీసు, ఆగస్టులో జోలింగెన్‌లో ముగ్గురు కత్తిపోట్లకి చనిపోయారు. ఇవన్నీ జరిగాయి, చనిపోయినవాళ్లు ఉన్నారు. ఊళ్లలో ఇళ్లు దొరకలేదు, బడుల్లో టీచర్లు చాల్లేదు. ఇవి పట్టించుకునేవాళ్లందర్నీ జాత్యహంకారులని అంటే, వాళ్లు ఆ మాట అననివాళ్ల దగ్గరికి వెళతారు.

అక్కడ ఎవరున్నారో చూడండి. ఏఎఫ్‌డీని 2013లో పెట్టింది ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్లు. అప్పుడు వాళ్ల గోలంతా యూరో కరెన్సీ గురించి, గ్రీసుకి అప్పులిచ్చినందుకు. ఆ ఏడాది 4.7 శాతం ఓట్లతో, పార్లమెంటులోకి వెళ్లడానికి కావలసిన 5 శాతం గీత కూడా దాటలేదు. 2015 జులైలో ఆ ప్రొఫెసర్ల వర్గం ఓడిపోయింది. ఆ తర్వాత శరణార్థుల సంగతే పార్టీ ఊపిరయింది. 2017లో 12.6 శాతం, 2021లో 10.3, 2025లో 20.8. మీ సాక్సనీలో అయితే 37 శాతం దాటింది. సిరియా యుద్ధం లేకపోతే ఈ పార్టీ ఈ రూపంలో ఉండేది కాదని నా నమ్మకం. యుద్ధం ఒక్కటే దాన్ని పెంచలేదు. అదివరకే ఉన్న ఒక పుండు మీద యుద్ధం వచ్చి తగిలింది.

ఆ పుండేమిటో మీ కింది ఆవిడ వయసే చెబుతుంది. ఇప్పుడు డెబ్బై దాటాయంటే 1990లో రెండు జర్మనీలు కలిసినప్పుడు ముప్ఫై అయిదు, నలభై మధ్య. ఆవిడ పుట్టిన దేశం రాత్రికి రాత్రి మాయమైంది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చాలా చోట్ల అయిదుగురిలో ఒకరికి పని లేదు, పిల్లలు ఉద్యోగాలకి పశ్చిమానికి వెళ్లిపోయారు. 2015లో ప్రభుత్వం శరణార్థులకి డబ్బు తీసినప్పుడు తూర్పున చాలామంది నోట వచ్చిన మాట, ‘అప్పుడు మా కోసం లేని డబ్బు ఇప్పుడెక్కడిది’ అని. లెక్కల్లో అది పూర్తిగా నిజం కాదు, తూర్పు మీద చాలా ఖర్చు పెట్టారు. కానీ వాళ్లకి ఆ రోజుల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ బాధని అర్థం చేసుకోవచ్చు, దాన్నుంచి వాళ్లు తీసిన తీర్పుని ఒప్పుకోనక్కర్లేదు.

ఆపైన 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదికి దిగింది. ఈ యుద్ధం జర్మనీలో ఎడమ, కుడి అన్న గీతల్నే చెరిపేసింది. శాంతి ఉద్యమంలో పుట్టిన గ్రీన్ పార్టీ ఆయుధాలు పంపాలని గట్టిగా పట్టుబట్టింది. జాతీయవాదులైన ఏఎఫ్‌డీ వాళ్లు ఆయుధాలొద్దు, రష్యా గ్యాస్ కావాలన్నారు. వామపక్షం నుంచి విడిపోయిన సారా వాగెన్‌క్నెష్ట్ 2024లో కొత్త పార్టీ పెట్టి, పేదలకి పింఛన్లు పెంచాలి, రష్యాతో చర్చలు జరపాలి, వలసలు తగ్గించాలి అని మూడూ కలిపి చెప్పింది. 2025లో 5 శాతానికి పదివేల ఓట్ల లోపు తేడాతో ఆగిపోయింది. హీటర్ బిల్లు చూసి భయపడ్డ పింఛనుదారులకి ఆ మాటలు చెవికెక్కాయి. యుక్రెయిన్ నుంచి పదిలక్షల మందికి పైగా వచ్చారు. వాళ్లకి మిగతా శరణార్థులకిచ్చే సాయం కాకుండా, పని లేని జర్మన్లకిచ్చే భత్యమే ఇచ్చారు. అది తూర్పున కొత్త కోపానికి కారణమైంది. కాబట్టి ఆవిడ ఓటులో సిరియా ఎంత, గ్యాస్ బిల్లు ఎంత, 1990 ఎంత అని మీరు దూరం నుంచి విడదీయలేరు. ఆవిడే చెప్పాలి.

ఒక పరిశీలన మీకు చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలోని ఫొటోలు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. 2015 సెప్టెంబర్‌లో ఎగువ ఆస్ట్రియాలో రాష్ట్ర ఎన్నికలు జరిగాయి. వలసల్ని వ్యతిరేకించే పార్టీ ఓట్లు దాదాపు రెట్టింపై 30 శాతానికి చేరాయి. కానీ ఊరూరా లెక్క చూస్తే, శరణార్థులు దాటుకుని వెళ్లిపోయిన సరిహద్దు ఊళ్లలో ఆ పార్టీ ఓట్లు ఇంకా పెరిగాయి. శరణార్థులు వచ్చి ఇళ్లల్లో ఉండి, జనంతో కలిసి బతికిన ఊళ్లలో ఆ పెరుగుదల తగ్గింది. గుంపుగా చూస్తే ఒకలాగా, పేరు తెలిసిన మనిషిగా చూస్తే ఇంకోలాగా ఉంటుందన్నమాట. జర్మనీ తూర్పు ఊళ్లలో దించిన సిరియా కుటుంబాల్లో చాలామంది కాగితాలు చేతికి రాగానే బెర్లిన్, హాంబుర్గ్, రూర్ వైపు పని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. బహుశా మీ ఆవిడ నేర్పిన పిల్లలు కూడా వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు ఆవిడకి మిగిలింది ఫ్రిజ్ మీద నాలుగు ఫొటోలు, రోజూ ఫోన్లో వచ్చే వార్తలు. ఫొటోల్లోని పిల్లలు పెరగరు, మాట్లాడరు. వార్తలు మాత్రం రోజుకి పది వస్తాయి.

ఇప్పుడు ‘నువ్వు వేరు’ గురించి. ఆవిడ దాన్ని ప్రేమతోనే అంది, అందులో నాకు అనుమానం లేదు. అందుకే అది అంత గుచ్చుకుంటుంది. ఆ మాటని ఒప్పుకుంటే మీరు రోజూ దాన్ని నిరూపించుకుంటూ బతకాలి. పని పోయిన రోజున, పాప బడిలో ఏదైనా అల్లరి చేసిన రోజున, ‘వేరు’ అన్న హోదా పోతుంది. పైగా అది ఇంటి లోపల చెల్లుతుంది, వీధిలో చెల్లదు. మీ ఊరికి గంట దూరంలో మ్యూగెల్న్ అనే చిన్న ఊరుంది. 2007 ఆగస్టులో అక్కడి తిరునాళ్లలో రాత్రిపూట గొడవ మొదలై, ఎనిమిది మంది భారతీయుల్ని ఒక గుంపు వీధుల్లో తరిమింది. వాళ్లు ఒక పిజ్జా హోటల్లో దూరి తలుపేసుకుంటే తలుపులు తన్నారు. పోలీసులొచ్చే దాకా బయట అరుపులు. అప్పటికి సిరియా యుద్ధమూ లేదు, ఏఎఫ్‌డీ కూడా లేదు. తరిమినవాళ్లు ఎవరి దగ్గర ఏ వీసా ఉందో, ఎవరు పన్ను కడతారో అడగలేదు. అంతకు ముందు 2000లో జర్మనీ కంప్యూటర్ ఇంజనీర్లకి గ్రీన్ కార్డు ఇస్తామన్నప్పుడు, ఒక పెద్ద పార్టీ నాయకుడు రాష్ట్ర ఎన్నికల్లో ఎత్తుకున్న మాట ‘భారతీయులు కాదు, పిల్లలు కావాలి’ అన్న అర్థం వచ్చేది. అక్కడ భారతీయులు అంటే అచ్చంగా మీ ఆయనలాంటివాళ్లే.

మీ ఆయనతో ఈ సంగతి మాట్లాడాలి. ఆవిడతో కన్నా ముందు ఆయనతోనే. పోట్లాడకండి. ఆయన కడుపులో ఉన్నది నాకు అర్థమవుతుంది. జీఆర్‌ఈలు, అప్పులు, వీసా క్యూలు, ఇంటర్వ్యూలు దాటుకుని వచ్చాం, ఇంకొకరు అవేమీ లేకుండా వచ్చారు అనిపిస్తుంది. కానీ బాంబు పడ్డ ఇంట్లో దరఖాస్తు నింపే తీరిక ఉండదు. పనిచెయ్యరు అన్నది కూడా నిజం కాదు. ఆశ్రయం కోరినవాళ్లకి మొదటి నెలల్లో పని చెయ్యడానికి చట్టమే ఒప్పుకోదు. 2015లో వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఇప్పుడు పనిలో ఉన్నారు. 2024 డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలింది. మర్నాడే సిరియా వాళ్లవి ఇంకా తేలని ఆశ్రయం దరఖాస్తుల్ని జర్మనీ పక్కన పెట్టింది, వెనక్కి పంపాలన్న మాటలు మొదలయ్యాయి. అప్పుడు భయపడింది ఆసుపత్రులు. ఆ దేశం నుంచి వచ్చిన డాక్టర్లు అయిదు వేలకి పైగా అక్కడ పనిచేస్తున్నారు.

ఆ నెలలోనే జరిగిన ఇంకో సంగతి ఆయనకి తప్పకుండా చెప్పండి. మాగ్డెబుర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లోకి కారు తోలి ఆరుగుర్ని చంపినవాడు సౌదీ నుంచి వచ్చిన డాక్టరు. చదువుకున్నవాడు, ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవాడు, ఇస్లాంని ద్వేషించేవాడు, ఏఎఫ్‌డీని మెచ్చుకుంటూ రాసినవాడు. మీ ఆయన వేసిన లెక్క ప్రకారం వాడు ‘వేరు’ వైపు మనిషి. అయినా ఆ తర్వాత ఆ ఊళ్లో తిట్లూ దెబ్బలూ తిన్నది నల్లగా, చామనఛాయగా కనిపించినవాళ్లు.

యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైన వారంలో మన పిల్లలు ఎలా బయటపడ్డారో ఆయనకి గుర్తుండే ఉంటుంది. అక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు ఎంతోమంది పోలండ్, రొమేనియా సరిహద్దుల దగ్గర చలిలో రాత్రీ పగలూ నిలబడ్డారు. యుక్రెయిన్ వాళ్లని ముందు పంపి తమని ఆపేశారని మన పిల్లలూ ఆఫ్రికా పిల్లలూ చెప్పారు. ఒకే బాంబు కింద నుంచి పరుగెత్తి వచ్చినవాళ్లలో కూడా మొహం చూసి వరస పెట్టారు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను పెరిగింది విశాఖపట్నంలో. మా వీధిలో ఒక పెద్దావిడని అందరం బర్మా మామ్మ అనేవాళ్లం. కాందిశీకులు అన్న మాట నేను మొదట విన్నది ఆవిడ నోటే. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, తొమ్మిదేళ్ల పిల్లగా అడవుల్లోంచి నడిచి వచ్చింది. దారిలో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. అలా లక్షల మంది నడిచారు, దారిలోనే వేలమంది పోయారు. అంతకు పదేళ్ల ముందే, 1930 మేలో, రంగూన్ రేవులో కూలి పెంచమని మన తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు వాళ్ల బదులు బర్మా వాళ్లని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లని మళ్లీ పిలిచేసరికి గొడవ రేగింది. కొద్ది రోజుల్లో వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. అక్కడ మనల్ని కోరంగీలు అనేవాళ్లు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లాం కాబట్టి. ఆ మాట పిలుపుగా మొదలై తిట్టు అయింది. మామ్మ వాళ్ల నాన్న రేవులో గుమాస్తా, లెక్కలు రాసేవాడు. మూటలు మోసేవాళ్లు వేరు, మేం వేరు అని మా ఇంట్లోవాళ్లు అనుకునేవాళ్లని మామ్మ చెప్పేది. ఆవిడ పుట్టకముందు జరిగిన ఆ గొడవల్లో వాళ్ల ఇల్లూ తగలబెట్టారు.

ఇప్పుడు కింది ఆవిడతో ఏం మాట్లాడాలి. మాట్లాడటం మానెయ్యొద్దు, విననట్టు ఊరుకోవద్దు కూడా. మీరు ఊరుకుంటే ఆవిడ మీరు ఒప్పుకున్నారనే అనుకుంటుంది. ఎన్నికల చర్చ పెట్టకండి, అంకెలు చదవకండి. ఒక సాయంత్రం పాప నిద్రపోయాక కిందికి వెళ్లి మీకొచ్చిన జర్మన్‌లోనే చెప్పండి. ‘మీరు నన్ను వేరు అన్నారు. మీరు మంచి మనసుతో అన్నారని తెలుసు. కానీ ట్రామ్‌లో నన్ను చూసినవాళ్లకి నేను వేరని తెలియదు. పాపకీ తెలియదు. మీరు ఓటేసిన పార్టీ వాళ్లు మాట్లాడుతుంటే నాకు భయమేస్తోంది. మీతో చెప్పకపోతే ఇంకెవరితో చెప్పను?’ ఇంతే. ఆ తర్వాత ఆవిడని మాట్లాడనివ్వండి. మధ్యలో అడ్డు రావద్దు. ఆవిడ ఓటు మారుతుందని ఆశ పెట్టుకోకండి, అది మీ పని కాదు. ఆవిడ ఓటు వేసేటప్పుడు మీ మొహం గుర్తొస్తే చాలు.

రెండు సంగతులు మాత్రం అడగండి. ఒకటి, ఆవిడ తల్లిదండ్రులు ఎక్కడివాళ్లని. 1945 తర్వాత, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న సైలీషియా లాంటి ప్రాంతాల నుంచి తరిమేసిన జర్మన్లు కోటికి పైనే. తూర్పు జర్మనీలో 1940ల చివరికి నలుగురిలో ఒకరు అలా వచ్చినవాళ్లే. స్థానికులు వాళ్లని కూడా చీదరించుకున్నారు, తిండికి లేని రోజుల్లో మా మీద పడ్డారన్నారు. ‘తరిమేశారు’ అన్న మాట అక్కడి ప్రభుత్వం పలకనివ్వలేదు, ‘మకాం మార్చుకున్నవాళ్లు’ అనిపించింది. సాక్సనీలో చాలా ఇళ్లల్లో అలాంటి ఒక అమ్మమ్మ ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఆవిడే చెబుతుంది. దెప్పడానికి అడగొద్దు, తెలుసుకోవడానికి అడగండి.

రెండోది, ఆ ఫొటోల్లోని పిల్లలు. వాళ్ల పేర్లేంటి, ఇప్పుడు ఎక్కడున్నారు అని. వాళ్లకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఎవరైనా ఆవిడకి ఫోన్ చేస్తారేమో, ఎవరూ చెయ్యలేదేమో. చెయ్యకపోతే ఆ బాధ ఆవిడ మాటల్లో తెలుస్తుంది. వెతికితే దొరికే అవకాశం ఉంటే వెతకడానికి సాయం చెయ్యండి.

ఇక ఉండాలా, రావాలా. ఒక ఓటు విని ఇల్లు ఖాళీ చెయ్యొద్దు. మీ రాష్ట్రంలో వందకి 37 మంది అటు వేస్తే మిగతావాళ్లు వెయ్యలేదు. 2024 జనవరిలో, 2025 ఎన్నికల ముందు జర్మనీ అంతటా లక్షలమంది ఏఎఫ్‌డీకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు, డ్రెస్డెన్‌లో కూడా. అయినా ట్రామ్‌లో, బడిలో మీకో పాపకో ఏదైనా జరిగితే చిన్నదేలే అని వదలకండి. తేదీ, చోటు రాసి పెట్టుకుని ఫిర్యాదు ఇవ్వండి. మీ నగరంలో విదేశీయుల తరపున మాట్లాడే సలహా మండలి ఉంది, వాళ్లని కలవండి. మీరు నిజంగా భయంతో బతుకుతున్నారని ఒక ఏడాది తర్వాత కూడా అనిపిస్తే అప్పుడు వేరే ఊరో, మన ఊరో ఆలోచించుకోండి. అది ఓడిపోవడం కాదు.

ఉండాలనుకుంటే మాత్రం సగం ఉండొద్దు. ఇప్పుడు అక్కడ అయిదేళ్లు నివసించినవాళ్లు పౌరసత్వానికి అడగొచ్చు, మీకు ఆరేళ్లు అయ్యాయి. భారత పాస్‌పోర్టు వదులుకోవాలి కాబట్టి అది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. కానీ మీ తరఫున ఎవరో ఓటేస్తారని ఎదురుచూడటం కన్నా ఆ సంగతి ఆలోచించడం మంచిది. దానికి జర్మన్ బీ1 పరీక్ష కావాలి. మీ ఆయన ఫ్యాక్టరీలో ఇంగ్లిష్‌తో గడిచిపోతూ ఉంటుంది, ఆరేళ్లయినా జర్మన్ వచ్చి ఉండదని నా అనుమానం. వారానికి రెండు సాయంత్రాలు ఆయన్ని కిందికి పంపండి. నేర్పమని ఆవిడని అడగండి. చర్చి హాల్లో పదేళ్ల క్రితం ఆవిడ చేసిన పనే కదా.